చిన్నాకు, కొలతల గురించి

చిరంజీవి చిన్నాకు అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఈ ఉత్తరం రెండు చొక్కాల మడతలో పెట్టి ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను. బస్టాండు నుంచి ఫోన్ వస్తే వెళ్లి తెచ్చుకో. ఫోన్‌లో చెప్పొచ్చు కానీ షాపులో ఎప్పుడూ ఎవరో ఒకరు జాకెట్టు కోసం కూర్చునే ఉంటారు. ఇంటికొస్తే మీ నాన్న ఉంటారు. ఆయన సంగతి ఇందులో రాయను, దానికి వేరే ఉత్తరం కావాలి.

మగవాడిగా బతుకుతున్న నీకు ఛాతీ చదునుగా కనిపించాలని ఉంటుంది, నాకు తెలుసు. కానీ ముందు ఆ క్రేప్ బ్యాండేజీ తీసెయ్. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, పక్కటెముకల దగ్గర నొప్పిగా ఉంటోందని అక్కకి చెప్పావట. అది నాకు చెప్పింది, దాని మీద కోప్పడకు. కాలు బెణికితే కట్టుకునే గుడ్డ అది. ఛాతీకి చుడితే నువ్వు కదిలేకొద్దీ పొరలు జారి ఒకచోట చేరి ఇంకా బిగుసుకుంటుంది. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకలు బయటికి జరగాలి కదా, వాటిని జరగనివ్వదు. అసలే చలికాలం వస్తే నీకు పిల్లికూతలు. ప్యాకింగ్ టేపు, ప్లాస్టిక్ కవరు లాంటివి చుట్టుకునే పిల్లలు కూడా ఉన్నారని అక్క చెప్పింది. నువ్వు ఆ జోలికి పోవని అనుకుంటున్నాను.

బ్యాండేజీ మానేశాక కూడా నొప్పి తగ్గకపోయినా, దగ్గితే గుచ్చినట్టున్నా, చేతులు తిమ్మిరెక్కుతున్నా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. ఏం కట్టుకుంటున్నావో దాచకుండా చెప్పు, లేకపోతే గ్యాస్ నొప్పి అని మాత్ర రాసి పంపించేస్తారు. రమ్మంటే నేనూ వస్తాను. లోపలికి వద్దంటే బయట బెంచీ మీద కూర్చుంటాను.

అక్క ఫిజియోథెరపీ చదువు ఇప్పుడు మనకి అక్కరకొచ్చింది. 2017లో వచ్చిన ఒక పరిశోధన గురించి చదివి వినిపించింది. ఛాతీ బిగించి కట్టుకునే 1,800 మందిని అడిగితే వందలో 97 మంది ఏదో ఒక బాధ ఉందన్నారట. వీపు నొప్పి, ఒళ్లు వేడెక్కడం, ఛాతీ నొప్పి, ఆయాసం ఎక్కువమంది చెప్పినవి. వారంలో ఎక్కువ రోజులు కట్టుకునేవాళ్లకి ఇబ్బందులు ఎక్కువ. ఛాతీ చదునుగా కనిపించడానికి కంపెనీలు కుట్టి అమ్మే బిగుతు బనియన్లని బైండర్లంటారట, అవి వేసుకునేవాళ్లకీ ఈ బాధలు తప్పలేదు, కాబట్టి డబ్బు పెట్టి కొన్నదాంతో ఏమీ కాదులే అనుకోకు. ఇదంతా విన్నాక, మరి మానేయమని చెప్పొచ్చు కదా అన్నాను. అక్క ఆ కాగితంలోనే ఇంకో ముక్క చదివింది. కట్టుకోవడం మొదలుపెట్టాక మనసు కుదుటపడిందని, నలుగురిలోకి వెళ్లగలుగుతున్నామని కూడా ఆ మనుషులే చెప్పారట. నువ్వు ఉద్యోగంలో చేరాక ఫోన్‌లో నీ గొంతు ఎలా మారిందో నాకు తెలుసు. అందుకే మానేయమని రాయడం లేదు. ఎలా కట్టుకోవాలో రాస్తున్నాను.

బిగిస్తే చదునవుతుందని అందరూ అనుకుంటారు. కుట్టేదాన్ని కాబట్టి చెప్తున్నాను, మెత్తటి ఒంటిని ఎంత బిగించినా అది ఎక్కడికీ పోదు, చంకల్లోకో పైకో ఉబికి వస్తుంది. జాకెట్టు చిన్నదైతే చంక దగ్గర, వీపు మీద ఎలా పొంగుతుందో మన షాపులో చూస్తూ పెరిగావు. గుడ్డని ఎక్కడ సాగనివ్వాలో, ఎక్కడ సాగనివ్వకూడదో చూసుకుని కుడితేనే చదును వస్తుంది. అక్క చూపించిన మంచి బైండర్లలో ముందువైపు లోపల సాగని గుడ్డ ఉంది. వీపువైపు, పక్కలకి నైలాన్, స్పాండెక్స్ కలిసిన సాగే గుడ్డ వేశారు. అంటే ముందు వత్తుతుంది, వెనక ఊపిరికి చోటిస్తుంది. పనితనం తెలిసినవాళ్లే కుట్టారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అమెరికా నుంచి తెప్పిస్తే కొరియర్, కస్టమ్స్ కలిపి తడిసి మోపెడవుతుంది. సైజు కుదరకపోతే వెనక్కి పంపడం ఇంకో తలనొప్పి.

ప్రస్తుతానికి తక్కువలో అయ్యేవి రెండున్నాయి. కప్పులు లేకుండా ముందు సాదాగా ఉండే స్పోర్ట్స్ బ్రా ఒకటి. నీ సైజుదే కొను, చిన్నది కొనకు, ఒకదాని మీద ఒకటి వేయకు. నీది పెద్ద ఛాతీ కాదు, చాలా రోజులకి అదే సరిపోతుంది. రెండోది, ఛాతీ పెరిగిన మగవాళ్లు చొక్కా కింద వేసుకునే బిగుతు బనియన్లు. ఆన్‌లైన్‌లో గైనకోమాస్టియా వెస్ట్ అని కొడితే వస్తాయి. మగవాళ్ల సరుకే కాబట్టి పార్సిల్ ఎవరు తీసుకున్నా, ఎవరు విప్పినా నీకు టెన్షన్ లేదు. కాకపోతే కొన్ని పొట్ట దాకా బిగిస్తాయి, కూర్చుని పనిచేసేవాడివి, తిన్నాక ఇబ్బంది పడతావు. పొట్టి రకం దొరికితే అదే తీసుకో.

ఇక మూడోది, నీకు బైండరు నేనే కుడతాను. సరుకు కోసం ఎలాగూ బెజవాడ వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్‌కి రావాలి, సాగే లైక్రా గుడ్డ అక్కడే చూస్తాను. లోపల మెత్తటి కాటన్ వేస్తాను, చెమట పీలుస్తుంది. ముందు సాగని లైనింగ్ రెండు పొరలు, వీపుకి లైక్రా. పక్కన హుక్కులు రెండు వరసల్లో పెడతాను, ఉక్కగా ఉన్న రోజు వదులు వరసకి పెట్టుకోవచ్చు, ఊపిరాడనట్టు అనిపిస్తే తల మీదుగా లాగే అవస్థ లేకుండా చటుక్కున విప్పేయొచ్చు. కంపెనీ వాటిలో చాలావరకు తల మీదుగా వేసుకునేవే, అది నాకు నచ్చలేదు.

దానికి నీ కొలతలు కావాలి. పాతవి నా పుస్తకంలో ఉన్నాయి కానీ అవి స్కూలు యూనిఫాం నాటివి, పనికిరావు. పల్చటి బనియన్ మీద, మామూలుగా ఊపిరి తీస్తూ, నిటారుగా నిలబడి తీసుకో. పొట్ట లోపలికి పీల్చి చిన్న అంకె రాయొద్దు. మీరంతా చేసేది అదే. ఛాతీ ఎత్తుగా ఉన్నచోట చుట్టూ ఒకటి, దాని కింద పక్కటెముకల మీద చుట్టూ ఒకటి. భుజం ఈ చివర నుంచి ఆ చివరికి ఇంకొకటి. ఈ భుజం కొలత ఎవరూ సరిగా తీసుకోరు, అది తప్పితే చంక కింద కోసుకుపోతుంది. కుట్టి పంపాక మొదటిరోజే డ్యూటీకి వేసుకెళ్లకు. ఇంట్లో గంటసేపు వేసుకుని చూడు. నిండుగా ఊపిరి పీల్చగలగాలి, చేతులు పైకెత్తగలగాలి, అంచు కింద రెండు వేళ్లు దూరాలి. దూరకపోతే తిరిగి పంపెయ్, విప్పి మళ్లీ కుడతాను.

వేసుకునే గంటల దగ్గరే నాకు దిగులు. 8 గంటలు దాటొద్దంటారు. నువ్వేమో పొద్దున పటమటలో బయల్దేరితే రాత్రికి గానీ రూముకి చేరవు. బందరు రోడ్డు ట్రాఫిక్ సంగతి నాకు తెలియదా. అందుకని దారిలో వదులు చొక్కాతో వెళ్లు, అక్కడికెళ్లాక వేసుకో. మధ్యాహ్నం భోజనం టైములో కాసేపు తీసెయ్. రూముకి రాగానే తీసేసి గట్టిగా ఊపిరి పీల్చి, రెండుసార్లు దగ్గి, భుజాలు వెనక్కి తిప్పు. అక్క చెప్పమన్న వ్యాయామం ఇది. పడుకునేటప్పుడు వద్దు, జిమ్‌లో వద్దు, జలుబు, దగ్గు ఉంటే అసలే వద్దు. సెలవురోజు ఒంటిని దాని మానాన వదిలెయ్.

బెజవాడ ఎండలు గుంటూరు ఎండలకేం తీసిపోవు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అప్పుడు లైక్రా ఒంటికి అంటుకుంటే చెమట పొక్కులు, తామర ఖాయం. రెండు జతలు పెట్టుకుని మార్చి మార్చి వేసుకో. చల్లనీళ్లలో చేత్తో ఉతుకు, పిండకు, నీడలో ఆరెయ్. ఎండలో వేస్తే సాగే గుణం త్వరగా పోతుంది. తడి ఆరకుండా మాత్రం వేసుకోకు.

ఆటగాళ్లు కండరాలకి అంటించుకునే సాగే టేపు కూడా కొందరు వాడతారట. నాకది అంత ఇష్టం లేదు కానీ నువ్వు ఎలాగూ ప్రయత్నిస్తావు, కాబట్టి విను. ముందు చిన్న ముక్క అంటించి ఒకరోజు చూడు, దురద పెడితే నీకది పడదు. చనుమొనల మీద గాజుగుడ్డ పెట్టి, ఒక్కో వైపు విడిగా చంకవైపుకి లాగి అంటించాలి. ఛాతీ చుట్టూ మాత్రం చుట్టకూడదు. టేపు చివర్లు లాగకుండా అంటించు, లేకపోతే బొబ్బలొస్తాయి. తీసేటప్పుడు కొబ్బరినూనె రాసి కాసేపు నాననిచ్చి మెల్లగా ఒలువు.

పంపిన చొక్కాలు చూడు. మందపాటి పాప్లిన్, చిన్న గళ్లు. భుజం మీద యోక్ వేసి ముందు గుడ్డ నిటారుగా జారేలా కత్తిరించాను. రెండు వైపులా జేబులు, జేబుకి మూత. ఈ చొక్కా వేస్తే లోపల సగం బిగువు చాలు, అద్దంలో చూసుకుని నువ్వే చెప్పు. హోజరీ టీషర్టులు ఒంటికి అతుక్కుంటాయి, వాటి మీద ఈ చొక్కా గుండీలు పెట్టకుండా వేసుకో. నీలం దానికి కాలరు కొంచెం పెద్దదైంది, ఈ ఏడాది మగపిల్లలందరూ అలాగే కుట్టించుకుంటున్నారు.

ఆపరేషన్ గురించి ఏదో చదువుతున్నావని అక్క అంది. నువ్వే చెప్పాలనుకున్నప్పుడు చెప్పు, చీటీ డబ్బు సంక్రాంతికి చేతికొస్తుంది.

ఆదివారం లోపు ఆ మూడు కొలతలూ అంగుళాల్లో పంపు. సెంటీమీటర్లలో పంపితే ఊరుకోను. లోపలి గుడ్డకి నలుపు కావాలో, ఒంటి రంగు కావాలో కూడా రాయి. తెల్ల చొక్కా కింద నలుపు కనిపిస్తుంది, ఆలోచించుకో.

ఆశీస్సులతో,
అమ్మ
కొత్తపేట, గుంటూరు