పిన్నిగారి కోసం పాలు లేని మామిడి ఐసు

అమలాపురం

ప్రియమైన మిత్రునికి,

నీ ఉత్తరం మొన్న అందింది. పాలు పడక పిన్నిగారికి కడుపు ఉబ్బరిస్తోందనీ, డాక్టరుగారు పాలూ మీగడా మానిపించారనీ, దాంతో ఐస్‌క్రీమ్ కూడా ఆవిడకు దూరమైందనీ రాశావు. చిన్నప్పుడు నరసాపురంలో మీ అరుగు మీద మనిద్దరినీ కూర్చోబెట్టి, మధ్యాహ్నమంతా నీళ్ళ బకెట్‌లో చల్లబడిన రసాలను చేతికిచ్చి, టెంక తెల్లబడే దాకా చీకితే గాని లేవనిచ్చేవారు కారు ఆవిడ. అటువంటి మనిషి వేసవిలో ఒక చల్లని తీపికి కూడా నోచుకోకపోవడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు. రెండు వేసవులుగా మా ఇంట్లో చేసుకుంటున్న పళ్ళ ఐసు సంగతి అందుకే వివరంగా రాస్తున్నాను. చెల్లెమ్మకు కూడా చదివి వినిపించు.

దీనిని పెద్ద హోటళ్ళలో సోర్బే అంటారు. మన షర్బత్‌కూ దానికీ మూలం ఒకే మాట. పండు, పంచదార, నీరు, కొంచెం నిమ్మరసం తప్ప ఇందులో పాలు గాని, మీగడ గాని, గుడ్డు గాని ఉండవు. వెన్న లేదు కాబట్టి తిన్న తరువాత కడుపు బరువుగా ఉండదు. అయితే తేలిక అన్న మాటను బట్టి ఇది చక్కెర వ్యాధి ఉన్నవారికి కూడా పనికివస్తుందని మాత్రం అనుకోవద్దు. పిన్నిగారికి ఆ బాధ లేదని నువ్వు రాయబట్టే నేను ధైర్యంగా చెబుతున్నాను.

ఇందులో పంచదార తీపి కోసం మాత్రమే వేసేది కాదని నాకు కొబ్బరిబోండాల వల్ల తెలిసింది. పోయిన ఏడాది వాటి నీటిని ఏమీ కలపకుండా స్టీలు గిన్నెలో పోసి ఫ్రీజరులో పెడితే, సాయంత్రానికి చెంచా దిగని రాయి అయింది. కొబ్బరినీటిలో సహజంగా ఉండే తీపి చాలా తక్కువ. నీరు గడ్డకట్టేటప్పుడు ముందుగా శుద్ధమైన మంచు పలుకులుగా విడిపోతుంది, పంచదార అంతా మిగిలిన నీటిలోకి చేరి దానిని అంతకంతకూ చిక్కని పాకంగా మారుస్తుంది. ఆ పాకం -18 డిగ్రీల ఫ్రీజరులో కూడా పూర్తిగా గడ్డకట్టదు, పలుకుకూ పలుకుకూ మధ్య తడిగా నిలిచి ఉంటుంది. మనకు చెంచా దిగేది ఆ తడి ఉండబట్టే. మొత్తం మిశ్రమంలో పండు తీపితో కలిపి సుమారు నాలుగో వంతు చక్కెర ఉంటే సరిపోతుంది. అంతకు బాగా తగ్గితే రాయి అవుతుంది, బాగా పెరిగితే ఎన్ని గంటలు ఉంచినా జారుగానే ఉంటుంది.

ఇక మామిడి విషయానికి వద్దాం. కోసి తినడానికి బాగుండే బంగినపల్లి దీనికి చాలా అనుకూలం, ఎందుకంటే దానిలో పీచు లేదు, గుజ్జు నున్నగా వస్తుంది. కానీ నన్నడిగితే వాసనకు రసాలను మించినవి లేవు. వాటిని పిండి, జల్లెడలో గరిటె వెనుక వైపుతో రుద్ది, పీచు పైన మిగిలేలా వడకట్టుకునే ఓపిక ఉంటే రసాలతోనే చేయండి. ముచ్చిక దగ్గర ముక్కు పెడితే ఘుమఘుమలాడే పండునే తీసుకోవాలి. గడ్డకట్టాక వాసనా తీపీ రెండూ నాలుకకు తగ్గినట్టే తెలుస్తాయి కాబట్టి, పండులో ముందే లేనిది ఐసులో కొత్తగా రాదు. అరకిలో గుజ్జుకు 120 గ్రాముల పంచదారను 100 మిల్లీలీటర్ల నీటిలో కరిగే వరకు వేడిచేసి, పూర్తిగా చల్లార్చి, గుజ్జులో కలపాలి. తరువాత ఒక నిమ్మకాయ రసం, చిటికెడు ఉప్పు. ఈ దశలో రుచి చూస్తే తీపి కొంచెం ఎక్కువైనట్టు అనిపించాలి.

గిన్నెను ముందు రెండు గంటలు ఫ్రిజ్‌లో కింద అరలో చల్లబరిచి, తరువాతే ఫ్రీజరులోకి మార్చాలి. వేడిగా పెడితే మెల్లగా గడ్డకడుతుంది, మెల్లగా గడ్డకట్టిన దానిలో పలుకులు పెద్దవవుతాయి. నేను వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే డబ్బా వాడతాను. గంట తరువాత మూత తీస్తే మధ్యలో గుజ్జు ఇంకా కదులుతూ ఉంటుంది, అంచుల వెంట మాత్రం వేలెడు వెడల్పున లేత పసుపు రంగు మంచు పట్టి ఉంటుంది. ఫోర్కుతో ఆ అంచును గీరి మధ్యకు తోసి గట్టిగా కలపాలి. అరగంటకొకసారి నాలుగు సార్లు ఇలా చేసేసరికి ఫోర్కు కింద కరకరలాడిన చప్పుడు క్రమంగా తగ్గి, మెత్తగా, గుట్టగా నిలబడుతుంది. ఇందులో అసలు కష్టం ఇదొక్కటే, దీనిని మాత్రం దాటవేయవద్దు. కుదరని రోజున పళ్ళెంలో పలుచగా గడ్డకట్టించి, ముక్కలు చేసి, మిక్సీలో ఒక తిప్పు తిప్పి మళ్ళీ ఫ్రీజరులో పెట్టినా దాదాపు అంత బాగానే వస్తుంది.

మే నెలలో కరెంటు పోవడం ఒక్కటే నాకు నిజంగా బాధ కలిగించింది. ఒకనాడు మూడు గంటలు కరెంటు లేక సగం కరిగిపోయింది, కరెంటు వచ్చాక తిరిగి గడ్డకట్టింది. మరునాడు తింటే నోట్లో ఇసుక నమిలినట్టు ఉంది. కరిగిన చిన్న పలుకుల నీరు మిగిలిన పెద్ద పలుకులకు అంటుకుని గడ్డకట్టడం వల్ల అలా జరుగుతుంది. అది పాడైనట్టు కాదు, మళ్ళీ మిక్సీలో తిప్పితే బాగుపడింది. అసలు ఫ్రీజరును నమ్ముకోకుండా, పూర్వం చేతితో తిప్పే ఐస్‌క్రీమ్ బకెట్లలో చేసినట్టు, దంచిన ఐసు మూడు పాళ్ళకు రాళ్ళ ఉప్పు ఒక పాలు కలిపి, దాని మధ్య స్టీలు డబ్బాను తిప్పుతూ కూడా చేయవచ్చు. ఉప్పు తగిలిన ఐసు కరుగుతూ చుట్టూ ఉన్న వేడిని లాగివేస్తుంది. ఆ మిశ్రమం -21 డిగ్రీల దాకా కూడా దిగగలదు కాబట్టి, డబ్బాను ఒట్టి చేతులతో కాక గుడ్డతో పట్టుకోవాలి.

కొబ్బరిబోండాలను నేను వదలలేదు. బోండాంలోని లేత కొబ్బరిని దాని నీటితోనే మెత్తగా రుబ్బి, పంచదార సరిపడా కలిపితే, ఆ కొబ్బరి వల్ల ఐసుకు పాలమీగడ వంటి నునుపు వస్తుంది. పిన్నిగారికి మామిడి తరువాత ఇదే నచ్చుతుందని నా నమ్మకం. రావులపాలెం నుంచి తెచ్చిన చక్కెరకేళి బాగా మగ్గాక, చక్రాలుగా కోసి గడ్డకట్టించి, నిమ్మరసం పిండి మిక్సీలో వేస్తే పంచదార కూడా అవసరం లేదు.

వచ్చే ఆదివారం నేను సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి మీ ఇంటికి వస్తున్నాను. ఇక్కడే చేసి తెద్దామని మొదట అనుకున్నాను, కానీ బస్సులోనూ పంటు మీదా కరిగి, మీ ఫ్రీజరులో మళ్ళీ గడ్డకడితే అదే ఇసుక అవుతుంది. కాబట్టి పళ్ళే తెస్తాను. శనివారం రాత్రే ఫ్రీజరులో ఒక అర ఖాళీ చేయించి ఉంచు. జల్లెడ మాత్రం పిన్నిగారి చేతికే ఇద్దాం.

ఇట్లు,
నీ మిత్రుడు