అహోబిలం నడక: నిండుగా తిరిగొచ్చిన నీళ్ల సీసాలు

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల టైమ్‌టేబుల్, ఫీజుల వివరాలు వెనక పేజీలో ఉన్నాయి. ఈ నెల నా ఉత్తరమంతా తొమ్మిదో తరగతి పిల్లల అహోబిలం నడక గురించే. శనివారం రాత్రి నుంచి వస్తున్న ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న: "అంత దూరం తీసుకెళ్లి ఉగ్రస్తంభం చూపించకుండా తెచ్చేశారేంటి సార్?"

ఉగ్రస్తంభమంటే నరసింహస్వామి చీల్చుకుని వచ్చాడని చెప్పుకునే కొండ శిఖరం. దాని దాకా పోకుండా వెనక్కి తిప్పింది నేనే. మిగతా టీచర్లను అడగొద్దు.

ఆళ్లగడ్డ మీదుగా ఎగువ అహోబిలం చేరేసరికి ఉదయం ఏడున్నర. గుడి దగ్గర చేతికర్రలు అద్దెకిస్తారు. "ముసలాళ్ల కర్రలు మాకెందుకు సార్" అని పిల్లలు నవ్వారు. దిగేటప్పుడు అదే కర్ర కోసం ఇద్దరు కొట్టుకోబోయారు, అది వేరే సంగతి.

దారి భవనాశిని ఏటి పక్కనే పోతుంది. క్రోడ నరసింహస్వామి గుడి దాటాక ఏటిలో బండ మీంచి బండ మీదకు అడుగేస్తూ నడవాలి. ముందురోజు వాన పడడంతో పాచి పట్టిన బండలన్నీ జారుతున్నాయి. ఆ పైన మెట్లు. ఇంటి మెట్లలా సమానంగా ఉంటాయనుకోకండి, ఒకటి జానెడు ఎత్తు, పక్కది మోకాలెత్తు. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి అహోబిలానికీ శ్రీశైలానికీ మెట్లు కట్టించాడని మా సోషల్ టీచర్ చెప్పబోతే, వినే ఓపిక ఎవరికీ లేదు. రెండు వైపులా నల్లమల కొండలు, మధ్యలో లోయ, ఆకు కదలడం లేదు. తొమ్మిదింటికే చొక్కాలు పిండుకునేలా తడిసిపోయాయి.

జ్వాలా నరసింహస్వామి గుడికి కాస్త ముందు కొండ అంచు నుంచి నీళ్లు దారి మీదే పడతాయి. పిల్లలంతా కేకలేస్తూ తడిశారు. హిరణ్యకశిపుణ్ణి చంపాక స్వామి చేతులు కడుక్కున్నాడని చెప్పే రక్తకుండం చూశారు. అక్కడి నుంచి ఉగ్రస్తంభానికి బయల్దేరబోతుంటే ఒకమ్మాయి బండకు ఆనుకుని కూర్చుండిపోయింది. మొహం పాలిపోయింది. "ఏం లేదు సార్, బాగానే ఉన్నా" అంటోంది. షూ లేసు కట్టుకోమంటే, లేసు వైపు చూస్తూ ఉండిపోయింది.

బ్యాగు తీస్తే నీళ్ల సీసా మూత కూడా తీసినట్టు లేదు. అనుమానమొచ్చి అందరి సీసాలూ చూశాం. మగపిల్లలవి దాదాపు ఖాళీ. 17 మంది ఆడపిల్లల్లో 11 మంది సీసాలు నిండుగానే ఉన్నాయి. మా సైన్స్ టీచరమ్మ పక్కకు పిలిచి అడిగితే ఒకమ్మాయి చెప్పిన జవాబు ఇది: "తాగితే మధ్యలో వస్తుంది కదా టీచర్, అప్పుడు ఎక్కడికి పోవాలి?"

ఎగువ అహోబిలం దాటాక ఆడపిల్లలు వెళ్లడానికి చోటేమీ లేదు. ఆ ఆలోచన పిల్లలకు వచ్చింది, నాకు రాలేదు. బస్సెక్కే ముందు సీసాలు నింపారో లేదో ఒక్కొక్కటీ చూశాను. తాగుతున్నారో లేదో చూడలేదు. తప్పు నాదే.

ఉక్కపోతలో ఇది చిన్న విషయం కాదు. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరితేనే చల్లబడుతుంది. వానాకాలంలో కుండలో నీళ్లు చల్లబడవు చూడండి, అలాగే. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారిపోతుందే తప్ప వేడి దిగదు. లోపలి నీళ్లు, ఉప్పు పోతూనే ఉంటాయి.

అమ్మాయిని నీడలో పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తులో పెట్టి, ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా తాగించాం. అరగంటలో తేరుకుంది, తన కాళ్ల మీదే దిగింది. ఆళ్లగడ్డలో డాక్టరుకు చూపించాం, వాళ్లింటికి అక్కడి నుంచే ఫోన్ చేశాను. కొండ మీద అమ్మాయి తేరుకునేసరికే పదకొండున్నర దాటింది. ఉగ్రస్తంభానికి మెట్లుండవు, రాళ్లు పట్టుకుని ఎక్కాలి. ఐదుగురు టీచర్లం, 38 మంది పిల్లలు, చీకటి పడకముందే అడవి దాటాలి. పైకి కొందరు, కిందకి కొందరు అంటూ విడిపోవడం నాకు ఇష్టం లేకపోయింది. మగపిల్లలు మొహాలు మాడ్చుకున్నారు.

దిగేటప్పుడు ప్రహ్లాద బడి చూపించాం. కొండచరియ కింద చోటు, బండ మీద ఏదో రాసి చెరిపినట్టు గీతలు. ప్రహ్లాదుడు అక్షరాలు దిద్దింది అక్కడేనంటారు. చిత్రాన్నం అక్కడే తిన్నాం. "మన క్లాసు కన్నా ఇక్కడే గాలి బాగుంది సార్" అన్నాడొకడు. ఫ్యాన్ల రిపేరు గురించి కమిటీకి మళ్లీ రాశాను.

ఇకమీదట గంటకోసారి విజిల్ వేస్తాం, టీచర్లతో సహా అందరూ నీళ్లు తాగాల్సిందే. మరుగు కట్టడానికి పాత దుప్పట్లు రెండు, తాడు, ఇంకా శానిటరీ ప్యాడ్లు టీచరమ్మ బ్యాగులో ఉంటాయి. ఆడపిల్లలకు వేరేగా ఆగే చోట్లు ముందే చూసుకుంటాం. అమ్మలు ఇంట్లో ఓ మాట చెబితే మా పని సులువవుతుంది.

ఇంకొకటి. చాలామంది పిల్లలు తియ్యటి డ్రింకుల డబ్బాలు తెచ్చి అదే ఓఆర్‌ఎస్ అన్నారు. కాదు. ఆ పేరుతో అలాంటి డ్రింకులు అమ్మకూడదని 2025 అక్టోబరులోనే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది. మందుల షాపులో పొడి ప్యాకెట్ కొనండి, దాని మీద ఎన్ని నీళ్లని ఉంటే అన్నే కలపండి. అది దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలగొట్టిన ఆరు టీ స్పూన్ల పంచదార, అర టీ స్పూన్ ఉప్పు.

ఉగ్రస్తంభానికి సంక్రాంతి సెలవుల తర్వాత మళ్లీ వెళ్దామనుకుంటున్నాం. అంగీకార పత్రం దీంతోపాటే ఉంది. ఆ అమ్మాయి తన పత్రం నిన్ననే, అందరికన్నా ముందు తెచ్చిచ్చింది.

ఒక స్టీలు టిఫిన్ డబ్బా, ఎడమకాలి చెప్పు ఒకటి స్టాఫ్ రూములో ఉన్నాయి. డబ్బాలో చిత్రాన్నం ఇంకా ఉండింది, కడిగించాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు