సముద్రానికీ ఒడ్డుకూ కలిపి ఒకే పటం గీయండి

సంపాదకుల వారికి,

మన తీరంలో పర్యాటక నిర్మాణాలు రాబోతున్నాయని పది రోజుల కిందట మీ పత్రికలో వచ్చిన వార్త చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. అందులో ఎకరాల లెక్క, గదుల లెక్క వివరంగా ఉన్నాయి గాని, ఆ ఇసుకలో వలలు ఆరబెట్టుకుని బతికే వాళ్ల ఊసు ఒక్క ముక్క కూడా లేదు.

తీరగ్రామాల్లో చాలా ఏళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేసినవాణ్ణి కనుక, ఆ మధ్య ఒక తీర పటంపై జరిగిన అభిప్రాయ సేకరణ సభకు వెళ్లాను. సభ ఉదయం పదకొండు గంటలకు పెట్టారు, అప్పటికి వేటకు పోయిన పడవలు సగం తిరిగి రాలేదు. గోడకు అంటించిన పటంలో అక్షరాలన్నీ ఇంగ్లీషే. నా దగ్గర చదువుకున్న కుర్రాడి తండ్రి నన్ను పక్కకు పిలిచి, "మాస్టారూ, మా పల్లె ఇందులో ఎక్కడుందో చూపించండి" అన్నాడు. పల్లె దొరికింది. దాని ముందు వాళ్లు పడవలు లాగి నిలుపుకునే, చేపలు ఎండబెట్టుకునే ఇసుక మేట మాత్రం పటంలో ఖాళీ స్థలంగా ఉంది. ఆయన దాని మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

తెలుగును అధికార భాషగా ప్రకటిస్తూ 1966లోనే చట్టం చేసుకున్న రాష్ట్రంలో, తమ ఊరి పటాన్ని తాము చదువుకోలేని స్థితి మత్స్యకారులకు ఎందుకు పట్టాలి?

బాపట్ల దగ్గరి సూర్యలంక తీరం సంగతే చూడండి. అక్కడ వైమానిక దళ స్థావరం ఉంది, సెలవు రోజుల్లో జనం కిటకిటలాడతారు, వేటగాళ్ల పడవలు ఆ ఒడ్డునే ఆగుతాయి, గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆ ఇసుకకే వస్తాయి. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల వరకు సముద్రం సంప్రదాయ పడవలదేనని నిబంధన ఉన్నా, మరబోట్లు లోపలికి వచ్చి వలలు తెంపుకుపోతున్నాయని వాళ్లు ఏటా మొరపెట్టుకుంటూనే ఉన్నారు. ఇంతమంది పంచుకునే చోటుకు పర్యాటక శాఖ ఒక పటం, మత్స్యశాఖ ఒకటి, అటవీశాఖ మరొకటి గీసుకుంటాయి గాని, వాటిని ఒకదాని మీద ఒకటి పరిచి చూసే నాథుడు లేడు. జనసాంద్రత ఎక్కువగా ఉన్న గ్రామీణ తీరంలో నిర్మాణాలకు వీల్లేని మేరను కేంద్రం 2019లో ఇచ్చిన తీర నియంత్రణ నోటిఫికేషన్ 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు కుదించాక, ఈ నిర్లక్ష్యం మరింత ప్రమాదకరమైంది.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక గుంటూరు జిల్లాకు సముద్రమే లేకుండా పోయింది. అంతటితో తీరం మన సమస్య కాదని ఇక్కడివారు అనుకుంటే పొరపాటు. శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతుండడంతో కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట నేల కోసుకుపోతోంది. విజయవాడ మురుగు చివరికి చేరేదీ ఆ దిక్కుకే. అలల ధాటిని విరిచే మడ అడవులు అక్కడ కృష్ణా, బాపట్ల జిల్లాల మధ్య పంచబడి ఉన్నాయి, సరిహద్దు గీతను చూసి ఉప్పెన ఆగదు. 1977 నవంబరు 19న దివిసీమ ఏమైపోయిందో చూసిన తరం మాది.

నార్వే సహకారంతో కేంద్రం పుదుచ్చేరి, లక్షద్వీప్‌లలో సముద్రాన్నీ తీరాన్నీ కలిపి ప్రణాళిక వేసే పనిని ప్రయోగాత్మకంగా చేపట్టింది. ఆ పని మన రాష్ట్రంలోనూ మొదలుకావాలి. వేట ఏ నెలలో ఎక్కడ సాగుతుందో, తాబేళ్లు ఎక్కడికి వస్తాయో, పడవల రేవు ఏదో పటంలో ఎక్కిన తర్వాతే గదులకు స్థలం చూపించాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం వల్ల మరబోట్లు, మోటారు పడవలు ఒడ్డునే ఉంటాయి. ఆ రెండు నెలల్లో అధికారులు తెలుగులో రాసిన ముసాయిదాతో పల్లె రామాలయం దగ్గరికే వచ్చి కూర్చుంటే, ఖాళీ స్థలం ఏదో, కానిదేదో అక్కడివాళ్లే వేలు పెట్టి చూపిస్తారు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు