‘మధ్యలో వదిలేసిన పుస్తకం ఏది?’ అని అడిగినవాళ్లకు కృతజ్ఞతలు

మా గ్రంథాలయంలో పిల్లల విభాగం చూసే లైబ్రేరియన్ గారికి, ఆమెకు సాయంగా వచ్చిన డిగ్రీ విద్యార్థులకు, పుస్తకాలు అరల్లో సర్దే అటెండర్ గారికి మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. వేసవి కార్యక్రమం చివరి రోజున ఎదురుగా చెబుదామనుకున్నాను గానీ, ఆ హడావిడిలో రెండు ముక్కలకు మించి కుదరలేదు. పైగా మీరు చేసిన పనేమిటో ఈ వయసు పిల్లలున్న మిగతా తల్లిదండ్రులకూ తెలియాలని ఇక్కడ రాస్తున్నాను.

మా అమ్మాయికి పదకొండేళ్లు. ఎనిమిదేళ్లప్పుడు చేతికి ఏ పుస్తకం దొరికితే అది చదివేది. తర్వాత మెల్లగా తగ్గిపోయింది. బొమ్మల పుస్తకాలు ఇస్తే ‘అవి చిన్నపిల్లలవి’ అంటుంది. పెద్దవాళ్ల నవలలు తెరిస్తే అక్షరాలు చిన్నవి, కథ మొదలవడానికే చాలా పేజీలు పడుతుంది. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్య చాలామంది పిల్లలు ఇలాగే అటూ ఇటూ కాకుండా ఆగిపోతారు. చదవడం రాక కాదు, చదవడానికి తమది అనిపించే పుస్తకం కనబడక. సెలవుల్లో ఇది ఇంకా ఎక్కువవుతుందేమోనని నాకు టెన్షన్‌గా ఉండేది.

మొదటి రోజు లైబ్రేరియన్ మేడమ్ మా అమ్మాయిని ఏ క్లాసు అని అడగలేదు, మార్కులు అడగలేదు. ‘ఈమధ్య మధ్యలో వదిలేసిన పుస్తకం ఏది? ఎక్కడి దాకా చదివి వదిలేశావు?’ అని అడిగారు. అందరూ ఏం చదివావని అడిగేవాళ్లే గానీ, ఏది వదిలేశావని ఎవరూ అడగరు. మా అమ్మాయి ఒక్క క్షణం నా వంక చూసి, తర్వాత గడగడా చెప్పడం మొదలుపెట్టింది. అన్నీ వర్ణనలేనట, ఎవరూ ఏమీ చెయ్యరట, ఏదైనా కనిపెట్టే కథలయితే ఇష్టమట. మేడమ్ ఆ మాటలన్నీ విని, లోపలికి వెళ్లి మూడు పుస్తకాలు తెచ్చారు. ఒకటి రహస్య లిపుల గురించి, ఒకటి అంతరిక్షం మీద బొమ్మల కథ, ఇంకొకటి చిక్కుముడులు విప్పే పిల్లల కథ. ‘మూడూ తీసుకెళ్లు. నచ్చకపోతే వెనక్కి తెచ్చెయ్. ఎందుకు నచ్చలేదో ఒక్క ముక్క చెప్తే, తర్వాతది ఇంకా బాగా వెతుకుతాను’ అన్నారు.

గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయాలకు అయిదు సూత్రాలు చెప్పారు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అందాలనేది వాటిలో రెండోది, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలనేది మూడోది. అవి లైబ్రరీ సైన్సు చదివేవాళ్లకు పరీక్షల్లో వచ్చే వాక్యాలని అనుకునేదాన్ని. ఆ రోజు ఆ బల్ల దగ్గర అవి పని చేస్తుండగా చూశాను.

మీరు ఇచ్చిన చదువు చీటీ గురించి కూడా చెప్పాలి. ఎన్ని పుస్తకాలు చదివారని కాకుండా, ఎంతసేపు చదివారని రాసుకోమన్నారు. చిన్న మార్పే అయినా దీనివల్ల చాలా మారింది. ఎన్ని పుస్తకాలన్నదే లెక్క అయితే పిల్లలు సన్నటి పుస్తకాలే ఏరుకుంటారు. లావు పుస్తకం ఇష్టపడే పిల్ల వెనకబడుతుంది, నిదానంగా చదివే పిల్లాడు మూడో వారానికి మానేస్తాడు. నిమిషాల లెక్కలో ఆ ఇబ్బంది లేదు. బొమ్మల కథలు లెక్కలోకి వస్తాయన్నారు. ఆడియో పుస్తకం విన్నా, చదివిందే మళ్లీ చదివినా, తమ్ముడికి చదివి వినిపించినా వస్తాయన్నారు. అక్షరాలతో ఎప్పుడూ కుస్తీ పట్టే ఒక బాబు ఆడియో వింటూ పుస్తకంలో వేలు పెట్టుకుని చదవడం నేను చూశాను. అతన్ని ఎవరూ వేరుగా చూడలేదు, ప్రత్యేకంగా మెచ్చుకుని ఇబ్బంది పెట్టనూ లేదు. అతను మా అబ్బాయి కాడు, అయినా అందుకు కూడా మీకు థాంక్స్.

ఇక కార్యక్రమాల్లో మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తున్నది రహస్య లిపి. జూలియస్ సీజర్ తన ఉత్తరాల్లో ప్రతి అక్షరానికీ బదులు మూడు స్థానాల అవతలి అక్షరం వాడేవాడని చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. మీ వాలంటీరు అమ్మాయి ఇది చెప్పి ఊరుకోకుండా, తెలుగులో ఎలా చేస్తారో మీరే తేల్చండి అని పిల్లలకు వదిలేసింది. గుణింతాలతో, ఒత్తులతో ఏం చెయ్యాలని పిల్లలు చాలాసేపు వాదించుకున్నారు. చివరికి గుణింతం కదపకుండా హల్లును మాత్రం మూడు స్థానాలు జరపాలని వాళ్లే ఒప్పందానికి వచ్చారు. అలా జరిపితే ‘కథ’ అన్నది ‘ఘన’ అవుతుంది. రహస్యంగా రాసిన మాట మరో అసలు మాటగా బయటపడటం చూసి గది గదంతా కేకలు. ఇంట్లో ఫ్రిజ్ మీద ఇప్పుడు నాకు చదవడానికి రాని చీటీలు ఉంటున్నాయి.

దాని తర్వాతి వారం, చూపు లేనివాళ్లు వేళ్లతో తడిమి చదివే బ్రెయిలీ లిపి. లూయీ బ్రెయిలీ 1809లో పుట్టాడు, చిన్నప్పుడే చూపు పోయింది, 1824 నాటికి, పదిహేనేళ్ల వయసులో, చుక్కల లిపికి రూపం ఇచ్చాడు. తమకంటే నాలుగేళ్లు పెద్దవాడు చేసిన పని అనగానే పిల్లలు వినే తీరే మారిపోయింది. ఆరు చుక్కల్లో ఒక్కొక్కటీ ఉబ్బి ఉండొచ్చు, లేకపోవచ్చు. అలా 64 రకాలు వస్తాయి, ఏ చుక్కా లేనిది తీసేస్తే 63. ఆ లెక్క కూడా పిల్లలే కాగితం మీద వేసి తేల్చారు. బ్రెయిలీ రాసే పలకలో కాగితం పెట్టి గుచ్చేటప్పుడు కాగితం వెనక నుంచి గుచ్చాలి కాబట్టి కుడి నుంచి ఎడమకు, తిరగేసి రాయాలి. బ్రెయిలీ చదివే డిగ్రీ విద్యార్థి ఒకరు వచ్చి పిల్లలు రాసిన వాటిని వేళ్లతో చదివి పైకి చెప్పారు. ఎక్కడ చుక్క తప్పిందో కూడా చెప్పారు. మా అమ్మాయి పేరులో ఒక చుక్క పక్క గడిలో పడిందట. ఆ కాగితం ఆమె పారెయ్యలేదు, సరిచేసి మళ్లీ గుచ్చింది. ఆ విద్యార్థికి ఈ ఉత్తరం ఎవరైనా చదివి వినిపిస్తారని ఆశిస్తున్నాను. బాబూ, మీరు ఆ గంటసేపు ఇచ్చింది చిన్న విషయం కాదు.

అరల్లో వెతుకులాట ఆట కూడా బాగుంది. చీటీలో పుస్తకం పేరు ఉండదు, పుస్తకం ఏ విషయం మీదో, ఏ అరలో ఉంటుందో చెప్పే డ్యూయీ నంబరు మాత్రమే ఉంటుంది. 523 అంటే ఆకాశంలోని గ్రహాలు, నక్షత్రాలు. 398.2 అంటే జానపద కథలు. 796 అంటే ఆటలు. 567.12 ముందు వస్తుందా, 567.9 ముందు వస్తుందా అని పిల్లలు కొట్టుకున్నారు. పన్నెండు పెద్దది కదా అని కొందరు. దశాంశాల పాఠం స్కూల్లో చెప్పినప్పుడు రాని పట్టుదల అక్కడ వచ్చింది. 567.12 ముందని తేలాక ఒక పిల్ల దాన్ని అందరికీ ఎందుకో విడమరచి చెప్పింది. 1876లో మెల్విల్ డ్యూయీ పెట్టిన ఆ అంకెల్ని మా అమ్మాయి ఇప్పుడు ఇంటి చిరునామాల్లా వాడుతోంది. ఒక్క కాగితాన్ని ఎనిమిది గళ్లుగా మడిచి, నడిమి మడత దగ్గర మాత్రం కత్తిరించి, జిగురూ పిన్నూ లేకుండా ఎనిమిది పేజీల చిట్టి పుస్తకం చెయ్యడం కూడా నేర్చుకున్నారు. దాన్ని మా ఇంట్లో నేనూ నేర్చుకున్నాను.

అన్నిటికంటే నాకు నచ్చింది, మీరు పిల్లల చేత రాయించిన సిఫార్సు కార్డులు. రెండే నియమాలు పెట్టారు. ‘బాగుంది’ అనే మాట వాడకూడదు. ఈ పుస్తకం ఎవరికి నచ్చకపోవచ్చో కూడా రాయాలి. రెండో నియమం పిల్లల్ని ఆలోచింపజేసింది. ‘తొందరగా కొట్లాట కావాలనుకునేవాళ్లకు ఇది వద్దు, మొదటి అధ్యాయంలో వాన మాత్రమే పడుతుంది’ అని ఒకరు రాశారు. ఆ కార్డు చదివి వాన కోసమే ఆ పుస్తకం తీసుకెళ్లిన పిల్లలున్నారు. స్టేజి ఎక్కి మాట్లాడమని ఎవరినీ బలవంతపెట్టలేదు. మాట్లాడటానికి బెదిరే మా అమ్మాయి లాంటివాళ్లకు కార్డే గొంతు అయింది.

వేసవి చదువు మీద తరచూ చెప్పే ఒక అధ్యయనం ఉంది. బార్బరా హేన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త అట్లాంటా నగరంలో 6, 7 తరగతుల పిల్లల్ని గమనించి 1978లో ప్రచురించారు. సెలవుల్లో పిల్లలు చదివిన పుస్తకాలకూ, వాళ్లు చదువులో నిలబడటానికీ సంబంధం ఉందని, ఆ చదవడంలో గ్రంథాలయం పాత్ర పెద్దదని ఆమె తేల్చారు. అది సరిగ్గా మన పిల్లల వయసే. మార్కుల సంగతి నేను పెద్దగా పట్టించుకోను గానీ, ఇలాంటి కార్యక్రమాలు ‘కాలక్షేపం’ అని ఎవరైనా తేలిగ్గా అంటే ఈ మాట చెప్పొచ్చు.

దినపత్రికల బల్ల దగ్గర రోజూ కూర్చునే పెద్దవాళ్లకు కూడా నమస్కారాలు. పిల్లల అల్లరి వాళ్లకు ఇబ్బందిగానే ఉండి ఉంటుంది. అయినా ఎవరూ కసురుకోలేదు. ఒకాయన గళ్లనుడికట్టులో తట్టని ఆధారాల్ని పిల్లల్ని పిలిచి అడిగేవారు. అటెండర్ గారు రోజూ సాయంత్రం ఆ వెతుకులాట తర్వాత తారుమారైన అరలన్నీ మళ్లీ సర్దారు. ఆ పని కళ్లకు కనబడదు కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను.

వచ్చే సెలవులకు మనుషులు కావాలంటే నేను వస్తాను. కార్డులకు అట్టలు కత్తిరించగలను, చిరిగిన పుస్తకాలు అతికించగలను, చిన్న పిల్లలకు చదివి వినిపించగలను. ఈ వేసవిలో పిల్లల్ని పంపిన ఇంకొందరు తల్లులూ తండ్రులూ కూడా వస్తామంటున్నారు. అందరి పేర్లూ ఒక కాగితం మీద రాసి, ఈసారి పుస్తకాలు మార్చుకోవడానికి వచ్చినప్పుడు మేడమ్ గారి చేతికి ఇస్తాను.