శవాల ఫొటోలు చాలు, తాళం ఫొటో వేయండి

సంపాదకులు గారికి,

నవంబరు 19 వస్తే చాలు, దివిసీమ ఉప్పెన నాటి శవాల గుట్టల ఫొటోలు మళ్లీ పత్రికలకెక్కుతాయి. 1977లో ఆ శనివారం సముద్రం దాదాపు 5 మీటర్ల ఎత్తున ఊళ్ల మీద పడింది. సర్కారు లెక్కకే పదివేల మంది పోయారు.

మా నాయనమ్మ తెల్లవార్లూ తుమ్మచెట్టు పట్టుకుని బతికింది. ముళ్లు దిగిన వేళ్లు ఆ తర్వాత సరిగా ముడుచుకోలేదు, అన్నం చెంచాతోనే తినేది. చావుల ఊసెత్తేది కాదు. పక్క కొమ్మకు చుట్టుకున్న తాచుపాము గురించి మాత్రం చెప్పేది: ‘రాత్రంతా అది నా జోలికి రాలేదు, నేను దాని జోలికి పోలేదు.’

1990 మే తుపాను కూడా భయంకరమైనదే. అయినా మృతులు వెయ్యి లోపే, ముందే జనాన్ని తరలించారు కాబట్టి. మా ఊరి తుపాను షెల్టర్‌కేమో ఇప్పుడు తాళం. కిటికీలోంచి చూస్తే లోపల ధాన్యం బస్తాలు. తాళంచెవి ఎవరి దగ్గరుందంటే ముగ్గురి పేర్లు చెప్పారు. ముగ్గురి దగ్గరా లేదు. ఈసారి పాత శవాల ఫొటో బదులు ఆ తాళం ఫొటో వేయండి.

– ఒక పాఠకుడు, దివిసీమ