మేం ఊరి రేడియోలం కాదు సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం చిన్న టౌన్లలో బార్బర్ల మీద మీరు వేసిన ఆర్టికల్ చదివాను, బాగానే ఉంది గానీ ఊళ్ళో ఏ కబురు కావాలన్నా సెలూన్లో కూర్చుంటే చాలు అని రాశారు చూడండి, అక్కడ మనసు చివుక్కుమంది.

నేను 26 ఏళ్ల కింద బయట్నుంచి వచ్చి ఒక చిన్న టౌన్లో కుర్చీ వేసుకున్నోణ్ణి. జుట్టు నెలకి సుమారు 1 సెంటీమీటరు పెరుగుద్ది, అంటే ఎంత పెద్దమనిషైనా నెలకోసారి నా ముందు తల వంచాల్సిందే (గొప్పకి కాదు లెండి, ఊరికే అంటున్నా). ఎవరి సుడి ఎటు తిరిగిందో ఎవరి చెవి వెనక మచ్చ ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. చిన్న టౌన్ కదా, గొడవపడ్డ అన్నదమ్ములిద్దరూ నా దగ్గరికే రావాలి, పొద్దున అన్న వచ్చి తమ్ముణ్ణి తిట్టిపోతాడు, సాయంత్రం అదే కుర్చీలో తమ్ముడు కూర్చుని మా అన్న ఏమన్నాడు అంటాడు. తల కొంచెం కిందికి అంటాను, అంతే.

ఇది మొదట్లో నాకు తెలీదు. వచ్చిన కొత్తలో ఒకాయన ఇల్లు అమ్మే సంగతి చెప్తే మాటల్లో ఇంకొకాయన దగ్గర నోరు జారాను. ఎవరూ తిట్టలేదు, అడగలేదు, ఆ ఇంట్లోవాళ్లు ఏడాదిన్నర నా గుమ్మం తొక్కలేదు అంతే. బయటోడు అనే మాట అప్పుడు అర్థమైంది నాకు.

అమెరికాలో లాస్ ఏంజెలెస్ వైపు 52 బార్బర్ షాపుల్లో చేసిన ఒక స్టడీ 2018లో బయటికొచ్చింది, బీపీ ఎక్కువున్న నల్లజాతి మగాళ్లకి ఫార్మసిస్టులు షాపుకే వచ్చి మందులిస్తే 6 నెలల్లో పై బీపీ సగటున 27 పాయింట్లు దిగింది, ఊరికే డాక్టర్ దగ్గరికెళ్లమని బార్బర్ చెప్పినోళ్లకి దిగింది 9 చిల్లర. అంటే మందులే పనిచేశాయి, ఒప్పుకుంటా, కానీ ఆ మందులు తీసుకోడానికి వాళ్లు కూర్చున్నది ఎక్కడ? నేనూ ఒకసారి ఒక మాస్టారి నడినెత్తి వెనక పుట్టుమచ్చ రెండు మూడు నెలల్లో పెద్దదవడం చూశా. ఆయనకది కనపడదు కదా. షాపులో జనం అందరూ వెళ్ళేదాకా ఆగి చెవిలో చెప్పా. తీయించుకున్నారు, బానే ఉన్నారు, ఏమన్నారో డాక్టరు నేను అడగలేదు.

పోయిన నెల మంచాన పడ్డ ఒక పెద్దాయనకి ఇంటికెళ్లి గడ్డం గీశాను, మాట పడిపోయింది, కొడుకుని కూడా గుర్తుపట్టట్లేదంట. కత్తి చల్లగా తగలగానే గడ్డం తనంతట తానే పైకెత్తాడు, ఎన్నో ఏళ్లుగా ఎత్తినట్టే.

ఈసారి రాసేటప్పుడు ఆ కబుర్ల లైన్ తీసేయండి సార్.

ఇట్లు
ఒక బార్బర్