ఇకపై మా షాపులో పెద్ద చిలుకలు అమ్మం

మా కస్టమర్లందరికీ నమస్కారం. కొన్నాళ్లుగా షాపుకొచ్చినవాళ్లదీ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టేవాళ్లదీ ఒకటే ప్రశ్న, "అక్కా, గ్రేలు, మకావులు ఆపేశారట, నిజమేనా?" అని. నిజమే. ఈ నెల నుంచి ఆఫ్రికన్ గ్రే, మకావు, కాకటూ, అమెజాన్ చిలుకలు మా దగ్గర అమ్మం. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు మొత్తం డబ్బు తిరిగి ఇచ్చేస్తున్నాం, తీసుకోనివాళ్లు ఎవరైనా ఉంటే రసీదు లేకపోయినా పర్వాలేదు, రండి. చిన్న చిలుకలు, అంటే బడ్జీలు, కొకటీల్స్, ఆఫ్రికన్ లవ్ బర్డ్స్, ఎప్పటిలాగే ఉంటాయి. తిండి, పంజరాలు, మీరు ఊరెళ్తే పక్షిని మా దగ్గర ఉంచుకునే బోర్డింగ్ కూడా ఉంటాయి. ఇంతటితో ఊరుకోవచ్చు గానీ, కారణం చెప్పకపోతే తలా ఒక మాట అనుకుంటారు, అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. ఒక్క గ్రే పిల్ల అమ్మితే మిగిలేది, నెలంతా కొర్రలూ గింజలూ అమ్మినా మిగలదు. ఆ రాబడి పోతుందని తెలిసీ, మా ఆయనా నేనూ కూర్చుని లెక్కలు వేసుకునే ఈ నిర్ణయానికి వచ్చాం. షాపు అద్దె వెళ్లాలి, పనిచేసే కుర్రాళ్లకు జీతాలు ఇవ్వాలి. అందుకే బోర్డింగ్ రేటు పెంచుతున్నాం, అది కింద చెప్తాను.

అసలు కారణం ఆ పక్షుల ఆయుష్షు. బడ్జీ బాగా చూసుకుంటే ఐదు నుంచి పదేళ్లు, కొకటీల్ పదిహేను, ఇరవై ఏళ్లు. ఆఫ్రికన్ గ్రే సరైన తిండితో నలభై నుంచి అరవై ఏళ్లు బతుకుతుంది, పెద్ద మకావులూ కాకటూలూ యాభై దాటడం మామూలే. చికాగో దగ్గర బ్రూక్‌ఫీల్డ్ జూలో కుకీ అనే కాకటూ ఉండేది, 1934లో జూ తెరిచినప్పుడు వచ్చింది, 2016లో చనిపోయేనాటికి దానికి 83 ఏళ్లు. చూసుకున్న ఉద్యోగులు ఒకరి తర్వాత ఒకరు రిటైరైపోయారు, పక్షి మాత్రం అక్కడే ఉంది. జూ కాబట్టి సరిపోయింది. మన ఇళ్లలో అలా వరుసగా చూసుకునేవాళ్లు ఎవరుంటారు? ముప్పై ఐదేళ్ల వయసులో ఒక గ్రేని ఇంటికి తెచ్చుకుంటే, మీకు ఎనభై వచ్చేసరికి కూడా దానికి ఇంకా బతుకు మిగిలి ఉండొచ్చు.

మా కస్టమర్లలో సగం మంది ఐటీ ఉద్యోగాల వాళ్లు. పక్షిని ప్రేమగానే కొంటారు, ప్రాణంగా చూసుకుంటారు, మూడు నాలుగేళ్లకి డల్లాస్‌కో టొరంటోకో వీసా వస్తుంది. గ్రేని వెంట తీసుకెళ్లడం కుక్కపిల్లని తీసుకెళ్లినట్టు కాదు. అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం, అదే సైటీస్ (CITES)లో, 2017 జనవరి నుంచి గ్రే అన్నిటికన్నా కఠినమైన మొదటి జాబితాలోకి వెళ్లింది, దేశం దాటించాలంటే ఇక్కడి ఎగుమతి పర్మిటూ అక్కడి దిగుమతి పర్మిటూ రెండూ కావాలి, ఆ పైన క్వారంటైన్. ఆ తిప్పలు చూసి చాలామంది వదులుకుంటారు. పక్షి అమ్మానాన్నల దగ్గరకి వెళ్తుంది. వాళ్లకు మోకాళ్ల నొప్పులు, పంజరం కడగలేరు, దాని అరుపులకు పక్క ఫ్లాట్ వాళ్లతో గొడవ. చివరికి మా దగ్గరికే వస్తుంది, "కొన్నాళ్లు ఉంచండమ్మా" అని.

అలా వచ్చిన ఒక గ్రే ఇప్పుడు మా పైగదిలో ఉంది. రోజూ పొద్దున్న ఏడింటికి కుక్కర్ విజిల్ మూడుసార్లు అచ్చం దించేస్తుంది, నాలుగోసారి వేయదు, ఒక పెద్దావిడ గొంతుతో "స్టవ్ ఆపవే" అంటుంది. ఆ తర్వాత తల పక్కకి వంచి తలుపు వైపు చూస్తూ కాసేపు ఆగుతుంది. రొమ్ము మీద ఈకలన్నీ తనే పీక్కుంది, పలచని చర్మం కనిపిస్తుంటుంది, ముక్కు అందని తల మీద మాత్రం ఒక్క ఈక కూడా చెదరలేదు, ఎర్ర తోక కూడా అలాగే ఉంది. డాక్టర్ గారు పరీక్షలన్నీ చేసి ఒంట్లో జబ్బేమీ లేదన్నారు. మనిషి కోసం బెంగ. అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త దగ్గర పెరిగిన అలెక్స్ అనే గ్రే రంగులూ ఆకారాలూ గుర్తుపట్టి పేర్లు చెప్పేది, చిన్న చిన్న లెక్కలు చెప్పేది. అంత బుర్ర ఉన్న ప్రాణి రోజుకు పది గంటలు ఒంటరిగా గోడ చూస్తూ కూర్చుంటే ఏమవుతుంది? మన లెక్కలో మూడేళ్లు చిన్న విషయమే, దానికి మాత్రం ఆ ఇంటివాళ్లే తన గుంపు.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. ఇప్పటికే ఇంట్లో గ్రే, మకావు, సన్ కోన్యూర్ లాంటివి ఉన్నవాళ్లు వినండి, 2024 ఫిబ్రవరిలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం సైటీస్ జాబితాల్లోని విదేశీ పక్షులను కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేశ్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయించాలి. పిల్లలు పెట్టినా, ఇంకొకరికి ఇచ్చినా, చనిపోయినా తెలపాలి. ఇంకా చేయించనివాళ్లు టెన్షన్ పడుతూ దాచిపెట్టుకోకుండా అటవీశాఖ వాళ్లను అడిగి ఏం చేయాలో తెలుసుకోండి. బడ్జీలకూ కొకటీల్స్‌కూ ఈ గొడవ లేదు.

రామచిలుక కావాలని ఇప్పటికీ అడుగుతున్నారు. "మా ఊళ్లో అందరిళ్లలో ఉండేవి కదా", "చిలక జోస్యం వాళ్ల దగ్గర ఉంటాయి కదా" అంటారు. ఉంటాయి, కానీ తప్పు తప్పే. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద మన దేశపు చిలుకలు ఏవీ పట్టకూడదు, అమ్మకూడదు, పెంచకూడదు. చెట్టు తొర్రలోంచి రెక్కలు రాని పిల్లల్ని లాగి, సంచుల్లో కుక్కి తెస్తారు, దారిలోనే ఎన్నో చచ్చిపోతాయి. మా షాపులో ఒక్కటి కూడా ఎప్పుడూ పెట్టలేదు, పెట్టం. వాటిని చూడాలనిపిస్తే తెల్లవారుజామున కేబీఆర్ పార్కు వైపు నడవండి.

ఇక అమ్మే చిన్న పక్షుల విషయంలో కూడా పద్ధతి మారుతోంది. సొంతంగా తినడం రాని పిల్లల్ని ఇవ్వం. "చేత్తో తినిపిస్తే మచ్చిక అవుతుందట" అని అడుగుతున్నారు, కానీ పిల్లలకు సిరంజితో పట్టే జావ, అదే ఫార్ములా, కాస్త వేడెక్కితే లోపల కాలిపోతుంది, చల్లారితే అరగదు, సిరంజి కొంచెం పక్కకి పోతే ఊపిరితిత్తుల్లోకి వెళ్లి నిమిషాల్లో ప్రాణం పోతుంది. తిండి నేర్చిన పిల్ల కూడా చక్కగా మచ్చిక అవుతుంది, రోజూ ఓపికగా చేతి మీద నాలుగు కొర్రగింజలు పెట్టండి చాలు. ఇంకో సంగతి, బిల్లు రాసేముందు ఒక ప్రశ్న అడుగుతాం. మీరు ఊరు మారితే, ఒంట్లో బాగోకపోతే ఈ పక్షి ఎవరి దగ్గర ఉంటుంది? ఆ మనిషి పేరూ ఫోన్ నంబరూ రాసిచ్చి, వాళ్లతో ఒకసారి మాట్లాడిస్తేనే ఇస్తాం. కోపం తెచ్చుకోకండి.

తిండి దగ్గర ఇంకా గట్టిగా చెప్తున్నాను, వట్టి పొద్దుతిరుగుడు గింజల మీద ఏ చిలుకనూ పెంచకండి. కొవ్వు పట్టి లివర్ పాడవుతుంది, విటమిన్ ఏ అందక ముక్కూ నోరూ ఇన్ఫెక్షన్లు వస్తాయి, గ్రేలకైతే కాల్షియం తగ్గి ఫిట్స్ కూడా వస్తాయి. చిలుకల కోసమే చేసిన గుళికల తిండి, అదే పెల్లెట్స్‌తో పాటు మునగాకు, తోటకూర, క్యారెట్, జామకాయ ముక్కలు, లేత మొక్కజొన్న పెట్టండి. పచ్చిమిర్చి నిక్షేపంగా పెట్టొచ్చు, వాటికి కారం తెలియదు. అవకాడో, చాక్లెట్, టీ, ఉప్పు మిక్చర్ మాత్రం వద్దు. పంజరం వంటింట్లో పెట్టకండి, నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ మనకు వాసన కూడా తెలియకముందే పక్షిని చంపేస్తుంది. దోమల కాయిల్, సాంబ్రాణి పొగ కూడా వాటికి దూరంగా ఉండాలి. బయటికి వదిలే ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపండి, రెగ్యులేటర్ తగ్గించడం కాదు, పూర్తిగా ఆపండి.

బోర్డింగ్ రేట్లు: చిన్న పక్షులకు రోజుకు 60 రూపాయలు, పెద్ద చిలుకలకు ఇప్పటిదాకా 150 ఉండేది, ఇకపై 220 అవుతోంది. ఎక్కువే, నాకూ తెలుసు. పెద్ద చిలుకలతో రోజూ పొద్దున్నా సాయంత్రం గంటసేపు గడపడానికి ఒక అమ్మాయిని ప్రత్యేకంగా పెట్టుకున్నాం, ఆ ఖర్చు అందులో ఉంది. ఇదివరకు మా దగ్గర పెద్ద చిలుక కొన్నవాళ్లకు ఈ సంవత్సరమంతా పాత రేటే. చిలుకను ఇంట్లో పెంచలేని పరిస్థితి వస్తే బయట ఎవరికో అమ్మేయకుండా మాకు చెప్పండి, డబ్బు తీసుకోకుండా, ఇవ్వకుండా మంచి ఇల్లు వెతికి పెడతాం, కాగితాలు కూడా మేమే దగ్గరుండి మార్పిస్తాం.

సంక్రాంతికి ఊళ్లకు వెళ్లేవాళ్లు బోర్డింగ్ ముందే చెప్పుకోండి, పైగదిలో పది పంజరాలకు మించి పెట్టం. వచ్చేటప్పుడు అది రోజూ తినే తిండి, అలవాటైన కర్ర, రాత్రి కప్పే గుడ్డ తీసుకురండి. ఏ మాటకు పలుకుతుందో, దేనికి భయపడుతుందో ఒక కాగితం మీద రాసిస్తే ఇంకా మంచిది.